తాగుతారా, డ్రింక్ చేస్తారా?

పోయిన ఏడాది వానాకాలంలో మా మామయ్య బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. వాళ్లిల్లు హైదరాబాద్‌లోని మల్కాజిగిరిలో. సోమవారం పొద్దున్నే అత్తయ్య ఫోన్ చేస్తే తార్నాక నుంచి ఆటో పట్టుకుని పరిగెత్తాను. అంబులెన్స్, ఎక్స్‌రే, ఇన్సూరెన్స్ కాగితాలు, ఆ రోజంతా వాటితోనే సరిపోయింది. సాయంత్రం మత్తుమందు ఇచ్చే డాక్టరమ్మ ఫారం పట్టుకుని వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టింది. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా, కట్టుడు పళ్లున్నాయా. ఆ వరసలోనే ఇదీ అడిగింది: "డ్రింక్ చేస్తారా?"

"అలవాటేం లేదండీ. ఎప్పుడైనా ఫంక్షన్లలో, సోషల్‌గా, అంతే" అంది అత్తయ్య.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను అవునన్నట్టు తలూపాను.

మామయ్య పదిహేనేళ్లుగా రాత్రిపూట మూడు లార్జ్‌లు తాగుతాడని నాకు తెలుసు. అత్తయ్యకు ఇంకా బాగా తెలుసు. ఐసు ముక్కలు, వేయించిన పల్లీలు ముందు పెట్టేది ఆవిడే. అయినా ఆ నిమిషంలో అబద్ధమాడుతున్నామని మా ఇద్దరికీ అనిపించలేదు. మామయ్య ఏనాడూ తూలలేదు, ఎవర్నీ తిట్టలేదు, ఒక్కరోజు ఆఫీసు మానలేదు. ఆయన గురించి "తాగుతాడు" అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. మరీ అనాల్సి వస్తే "డ్రింక్ చేస్తాడు" అనేవాళ్లం. ఆ మాట మా నోళ్లలో నలిగి నలిగి, చివరికి అసలు ఏమీ లేదు అన్నంత పలచబడిపోయింది.

మంగళవారం పొద్దున ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రాత్రి రెండు దాటాక గదిలో చప్పుడైతే లేచి చూశాను. మామయ్య కళ్లు తెరిచే ఉన్నాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి దుప్పటి మీద నుంచి ఏదో ఏరుతున్నాడు, ఏరినదాన్ని మంచం పక్కన జారవిడుస్తున్నాడు. మళ్లీ ఏరుతున్నాడు. చెయ్యి వణుకుతోంది. నుదురంతా చెమట.

"ఇన్ని చీమలేంటే, దుప్పటి దులపకుండా వేశారా?" అన్నాడు.

చీమలు లేవు. తెల్లటి దుప్పటి. ఇంకాసేపటికి ఎప్పుడో ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయిన తోటి ఉద్యోగిని పేరుపెట్టి పిలుస్తూ ఫైలు తెమ్మన్నాడు. సెలైన్ సూది పీకబోయాడు. మత్తుమందు ఇంకా దిగలేదేమో అనుకుంది అత్తయ్య. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వచ్చి నాడి చూసి, చేతులు చాపమని చూసి, మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్లాడు.

"అమ్మా, దాచకుండా చెప్పండి. రోజూ తాగుతారా? ఎంత తాగుతారు? చివరిసారి ఎప్పుడు తాగారు?"

మూడు ప్రశ్నలు. మూడింట్లోనూ "తాగడం" ఉంది. అత్తయ్య గోడకు ఆనుకుని ఒక్కొక్కటే చెప్పింది. రోజూ. మూడు లార్జ్‌లు. ఆదివారం రాత్రి.

రోజూ తాగే మనిషికి ఉన్నట్టుండి మందు ఆగిపోతే శరీరం తిరగబడుతుంది. మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. కొందరిలో రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పడం, లేనివి కనబడడం జరుగుతుంది. దాన్ని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు, సమయానికి పట్టుకోకపోతే ప్రాణం తీస్తుంది. ముందే తెలిస్తే దానికి మందులున్నాయి, బి1 విటమిన్ ఇంజెక్షన్లున్నాయి, కనిపెట్టుకుని ఉండే పద్ధతి ఉంది. ఆ ముందే తెలిసే అవకాశాన్ని మా అత్తయ్యా నేనూ కలిసి పోగొట్టాం. నాలుగు రోజులకు మామయ్య మామూలు మనిషయ్యాడు. నాకు మాత్రం ఆ ఫారం మీద పడిన "లేదు" టిక్కు ఇప్పటికీ కళ్లలో ఉంది.

గురువారం బట్టలు తెచ్చుకుందామని ఇంటికొచ్చాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడ అంట్లు తోముతూ మామయ్య ఎలా ఉన్నారని అడిగింది. చీమల సంగతి చెప్పానో లేదో చెయ్యి ఆపేసింది.

"రోజు తాగుతడా అమ్మా? తాగుడు ఒక్కసారే బంద్ చేస్తె గట్లనే అయితది. మా ఆయనకు పాములు కనవడ్డయి. ఎర్రగడ్డ మెంటల్ దవాఖానకు తీస్కపోయిన."

ఆవిడ భర్త తాపీపని చేస్తాడు. ఎంత తాగుతాడని నేనెప్పుడూ అడగలేదు, అయినా నాకు తెలుసు. ఎందుకంటే ఆవిడ ఎప్పుడు చెప్పినా లెక్కతోనే చెప్పేది. "రోజుకొక క్వార్టర్ తాగుతడమ్మా. పొద్దుగాల చేతులు వణుకుతయి. జీతం పడ్డనాడు రెండు." ఎంత, ఎన్నిసార్లు, తాగకపోతే ఏమవుతుంది, అన్నీ మూడు ముక్కల్లో ఉన్నాయి. ఆ సోమవారం సాయంత్రం మా బదులు ఆవిడ ఆ డాక్టరమ్మ ముందు నిలబడి ఉంటే మామయ్యకు ఆ రాత్రి వచ్చేదే కాదు.

తర్వాత ఒక లెక్క వేశాను. లార్జ్ అంటే 60 ఎం.ఎల్. మూడు లార్జ్‌లు 180. క్వార్టర్ సీసాలో పట్టేదీ 180 ఎం.ఎల్‌యే. జీతం పడ్డనాడు తప్పిస్తే మా మామయ్యా, ఆ తాపీమేస్త్రీ రోజూ తాగేది సరిగ్గా ఒకే కొలత. ఆయన మాత్రం "తాగుబోతు". ఈయన "అప్పుడప్పుడు డ్రింక్ చేస్తారు."

ఆ తేడా పోవాలన్నదే నా వాదన.

ఇంగ్లీషులో ఈ డ్రింక్ అనే మాట పాతది. పాత ఇంగ్లీషులో డ్రింకన్. మొదట్లో దానికి నీళ్లైనా పాలైనా ఒకటే, మన "తాగు" లాగే. ఇంకో పోలిక చూసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. మనకు తాగు ఉంది, తాపు ఉంది. పిల్లకు పాలు తాపింది, దూడకు కుడితి తాపింది అంటాం. ఇంగ్లీషులోనూ డ్రింక్ పక్కన డ్రెంచ్ ఉంది. ఇప్పుడు దాన్ని తడిపి ముద్ద చేయడం అనే అర్థంలో వాడుతున్నారు గానీ, పుట్టుకలో దాని అర్థం తాపడమే. పశువుల డాక్టర్లు గొర్రెల నోట్లో మందు పోయడాన్ని ఇప్పటికీ డ్రెంచింగ్ అనే అంటారు. ఎక్కడి భాషలు, ఎక్కడి మనుషులు! నోట్లోకి పోసుకునేదానికీ, ఎదుటివాడి నోట్లో పోసేదానికీ రెండు చోట్లా ఒక మాటను కొంచెం వంచి రెండో మాట చేసుకున్నారు.

రెండు భాషల్లోనూ నీళ్లతో మొదలైన మాట సారా దగ్గరికి చేరింది. "ఏమైనా తాగుతారా?" అని ఇంటికొచ్చినవాళ్లని అడిగితే మజ్జిగో చాయో. "ఆయన తాగుతాడు" అంటే మాత్రం ఏం తాగుతాడో చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులోనూ అంతే. కాకపోతే మనం గమనించని సంగతి ఒకటుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఒకరి గురించి గొంతు తగ్గించి "హి డ్రింక్స్" అని ఊరుకుంటే అది చిన్న మాట కాదు. ఆ ఇంట్లో కష్టం ఉందని అర్థం. ఎప్పుడైనా ఒక గ్లాసు తీసుకునేవాణ్ని వాళ్లు అలా అనరు, దానికి వేరే మాటలున్నాయి. అంటే వాళ్ల "డ్రింక్స్"కు మన "తాగుతాడు"కున్నంత ములుకు ఉంది. మనం ఆ మాటను తెచ్చుకుని, వెనక "చేస్తాడు" తగిలించి, ఆ ములుకును మాత్రం తీసి పడేశాం. వాకింగ్ చేస్తాడు, యోగా చేస్తాడు, డ్రింక్ చేస్తాడు. అదీ ఒక పని అయిపోయింది.

మన "తాగు" ఎంత పెద్ద మాటో చూడండి. నీళ్లు తాగుతాం, చాయ్ తాగుతాం, సిగరెట్టూ తాగుతాం, చుట్టా తాగుతాం. పాతబస్తీలో దక్కనీ మాట్లాడేవాళ్లు చాయ్‌కీ సిగరెట్‌కీ పీనా అనే ఒక్క మాటే వాడతారు, అచ్చం మనలాగే. చెరువు "తాగునీటి" చెరువు, మనిషి "తాగుబోతు", రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవే. ఇంత వెడల్పున్న మాట మన దగ్గరుండగా, మనకు నచ్చని చివరి అర్థాన్ని మాత్రం కూలివాడికి వదిలేసి, మనకోసం పరాయి మాట తెచ్చుకున్నాం.

ఈ నగరంలో ఆ పరాయి మాట కూడా అందరికీ ఒకటి కాదు. మా పనావిడ ఒకరోజు "మా పాప రోజూ డ్రింక్ కావాలని ఏడుస్తదమ్మా" అంటే నేను ఒక్క క్షణం ఆగిపోయాను. ఆవిడ చెప్పేది కూల్‌డ్రింక్ గురించి. ఆవిడ బస్తీలో చుట్టాలొస్తే "కూసోండ్రి, డ్రింకు తెస్త" అంటారు, కిరాణా కొట్టు నుంచి చల్లటి సీసా వస్తుంది. అలాంటి మనిషిని ఆసుపత్రిలో "డ్రింక్ చేస్తారా?" అని అడిగితే ఏం జవాబు వస్తుంది? కల్లు కంపౌండ్‌కు రోజూ పోయే ముసలాయన్ని అడిగితే "లేదు సారూ" అంటాడు. ఆయన దృష్టిలో కల్లు డ్రింక్ కాదు, కల్లు కల్లే. కానీ ఆ కల్లులో డైజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపి అమ్మేచోట్లున్నాయి. అది ఆగిపోయినా అవే వణుకులు, అవే ఫిట్స్. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి కల్తీ కల్లు మానేసి మతి తప్పిన మనుషుల్ని తీసుకురావడం తెలంగాణలో కొత్త సంగతి కాదు. అడిగినవాళ్లు ఒక అర్థంలో అడుగుతారు, చెప్పినవాళ్లు ఇంకో అర్థంలో చెప్తారు, ఫారం మీద మాత్రం టిక్కు పడిపోతుంది.

మనకు సీసా పేరు నేరుగా పలకడం మొదటినుంచీ ఇబ్బందే. "మందు" అంటాం. జ్వరానికి వేసుకునేదీ మందే, పొలంలో కొట్టేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే. "సిట్టింగ్" అంటాం. "దావత్" అంటాం. "ఫ్రెండ్స్ వచ్చారు" అంటాం. దుకాణం బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది, అక్కడ వైన్ అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? రాష్ట్రంలో ప్రభుత్వం లైసెన్సులిచ్చే 2,620 రిటైల్ దుకాణాలకు కాగితాల మీద పేరు "ఏ4 షాపులు". పెళ్లి సంబంధాల ప్రొఫైల్‌లో "సోషల్‌గా" అని ఒక గడి ఉంటుంది. మా పిన్ని కూతురికి సంబంధం చూసినప్పుడు అబ్బాయి తరఫువాళ్లు "అకేషనల్‌గా అండీ, సాఫ్ట్‌వేర్ కదా" అన్నారు. మావాళ్లు సరే అన్నట్టు తలూపారు. ఎన్ని రోజులకొక అకేషన్ అని ఎవరూ అడగలేదు. ఆ తలూపడం నాకు ఇప్పుడు బాగా గుర్తొస్తోంది.

నాకు తెలిసి ఈ ఊళ్లో మాటలతో పని లేకుండా లెక్క అడిగేది ట్రాఫిక్ పోలీసులొక్కరే. శుక్ర, శనివారాల రాత్రి బండి ఆపి గొట్టం ముందు పెట్టి ఊదమంటారు. డ్రింకా తాగుడా అనే గొడవ లేదు. 100 ఎం.ఎల్. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసు. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. దాని పేరును మనవాళ్లు "డ్రంక్ అండ్ డ్రైవ్" అని చేసుకున్నారు. ఇంగ్లీషు వ్యాకరణం తెలిసినవాళ్లు ముఖం చిట్లిస్తారు, ఇంగ్లండ్‌లో డ్రింక్ డ్రైవింగ్ అనీ అమెరికాలో డ్రంక్ డ్రైవింగ్ అనీ అంటారని సరిచేస్తారు. నాకైతే ఈ తప్పు ఇంగ్లీషు మీద కోపం లేదు. చిత్రమేమిటంటే ఒక్క ఆ మాట దగ్గరే అందరూ సమానం. కారువాడైనా స్కూటీవాడైనా "డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు" అనే అంటాం.

లెక్క సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఇంగ్లీషు వాడుకలో "ఎ డ్రింక్" ఇప్పుడు ఒక కొలత కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగుడు అలవాటును అంచనా వేయడానికి ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం తయారు చేయించింది, అందులో ఒక డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. అమెరికాలో 14 గ్రాములు. బ్రిటన్‌లో యూనిట్ అంటారు, అది 8 గ్రాములు. మనం మాటను తెచ్చుకున్నాం గానీ గ్రాములను అక్కడే వదిలేశాం. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో మామూలుగా ఆల్కహాల్ 42.8 శాతం. ఆ లెక్కన 30 ఎం.ఎల్. స్మాల్ పెగ్గులో దాదాపు 10 గ్రాములు. అంటే మన స్మాల్ ఒక డ్రింక్, లార్జ్ రెండు, క్వార్టర్ ఆరు. 650 ఎం.ఎల్. బీరు సీసా 5 శాతానిదైతే రెండున్నర, 7 శాతం స్ట్రాంగ్‌దైతే మూడున్నర దాటుతుంది. "ఒక్క బీరే కదా" అనేవాళ్లు ఇది ఒకసారి చూసుకోవాలి. మా మామయ్య రోజుకు ఆరు డ్రింకుల మనిషి. వారానికి 42. "సోషల్‌గా" అన్న మాటలో ఇంత పట్టిందంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

తాగుబోతు అనే మాట అందరి మీదా వేద్దామని నేననడం లేదు. ఆ మాట మనిషిని అక్కడితో ముగించేస్తుంది, ఆ తర్వాత ఎవరూ అతని గురించి ఇంకేం అడగరు. నాకు కావాల్సింది "తాగుతాడు" అనే క్రియ. దాని ముందు ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్లుగా అన్నీ చక్కగా కూర్చుంటాయి. "రోజూ రాత్రి మూడు లార్జ్‌లు తాగుతాడు" అనడానికి తెలుగు ఎక్కడా అడ్డుపడదు. "డ్రింక్ చేస్తాడు" అన్నాక మాత్రం ఎంత అని అడగడం మర్యాద కాదన్నట్టు ఉంటుంది. ఆ మర్యాదే మమ్మల్ని ముంచింది.

మాట తిన్నగా పలికితే ఏమవుతుందో మన తెలుగు ఆడవాళ్లు ఒకసారి చూపించారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు పాఠంలో తమ ఇంటి కథ లాంటి కథ చదివి, ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది జిల్లాలు దాటి సారా వ్యతిరేక ఉద్యమమైంది. ఆ ఉద్యమం పేరులోనే సారా ఉంది, ఎక్కడా మర్యాద మాటు లేదు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. నిషేధాలు మంచివా కావా అన్న చర్చ నా దగ్గర లేదు. నాకు గుర్తుండేది, ఆ ఆడవాళ్లు మొగుడు ఏం తాగుతున్నాడో, దానికి ఎంత కూలి పోతోందో పదిమందిలో పైకి చెప్పారని. మా కాలనీలో ఆ పని ఇంతవరకూ ఏ ఇల్లాలూ చేయలేదు. మా అత్తయ్య పీజీ చదివింది, ఇరవై ఏళ్లు టీచర్‌గా పనిచేసింది.

నేను ఆవిణ్ని తప్పుపట్టడం లేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒకరోజు వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తనే చెప్పింది. "తాగుతారు అంటే ఇన్నేళ్లూ ఒక తాగుబోతుతో కాపురం చేసినట్టు అవుతుంది కదే. అందుకే నోరు రాలేదు." ఆ మాట విన్నాక నాకు ఇంకేమీ అనాలనిపించలేదు. నేను కూడా కాసేపు ఈనెలు తీశాను.

మొన్న ఫిబ్రవరిలో మామయ్యకు కంటిశుక్లం ఆపరేషన్. వేరే ఆసుపత్రి. మళ్లీ ఫారం, మళ్లీ ప్రశ్నలు. నర్సమ్మాయి తల ఎత్తకుండా అడుగుతోంది. బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు. తర్వాత, "డ్రింకింగ్ హ్యాబిట్ ఏమైనా ఉందా అమ్మా?"

మామయ్య కిటికీ వైపు చూస్తున్నాడు. అత్తయ్య హ్యాండ్‌బ్యాగు ఒళ్లో సర్దుకుంది.

"తాగేవారమ్మా. పదిహేనేళ్లు, రోజూ రాత్రి మూడు లార్జ్‌లు. ఆగస్టులో ఆపారు. దసరాకి రెండు రోజులు తాగారు, మళ్లీ ఆపారు. ఇప్పుడు లేదు."

నర్సమ్మాయి తలెత్తి చూసింది. ఫారం మీద "అవును", "కాదు" అని రెండు గడులే ఉన్నాయి. పెన్ను కాసేపు వాటి మీద అటూ ఇటూ తిరిగింది. తర్వాత కాగితాన్ని అడ్డంగా తిప్పి, అంచు వెంబడి ఉన్న కాస్త ఖాళీలో చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. "మూడు లార్జ్‌లా అన్నారు?" అని అడిగింది.

"అవును, మూడు" అన్నాడు మామయ్య.